నదీజలముల న్యాయమండలి

కృష్ణానది మహాబలేశ్వరముకడ పుట్టి, మహారాష్ట్ర, కర్ణాటకములను దాటి, తెలుగునేలపై ప్రవహించి సముద్రమున కలియుచున్నది. ఎగువవారు అధికముగా నీరు తీసికొన్నచో దిగువవారి కాలువ లెండును. ఇద్దరు రైతులు బోదెనీటికై కలహించినచో ఊరిపెద్దలు తీర్పగలరు. రాష్ట్రములే కలహించినచో తీర్చువా రెవరు?

సుప్రీముకోర్టు కలదు గదా యని మీ రనవచ్చును. కాని యిట్టి వివాదములను కోర్టుల పరిధినుండి తప్పించు అధికారమును రాజ్యాంగమునందలి 262వ అధికరణము పార్లమెంటున కొసగినది. అందువలన 1956లో అంతర్రాష్ట్ర నదీజల వివాదముల చట్టము వెలువడినది. ఒక రాష్ట్రము ఫిర్యాదు చేయగా, సంప్రదింపులు ఫలింపవని తోచినపుడు కేంద్రప్రభుత్వము ట్రిబ్యునలును, అనగా న్యాయమండలిని, నియమించును. దాని అధ్యక్షుని, ఇద్దరు సభ్యులను న్యాయమూర్తులనుండి భారత ప్రధాన న్యాయమూర్తి ఎన్నుకొనును.

సివిలు కోర్టున కుండు అధికారములు కొన్ని ఈ మండలికిని కలవు. సాక్షులను రప్పించి ప్రమాణముపై విచారించును; పత్రములను తెప్పించును; సర్వేలు జరిపింపుడని ప్రభుత్వములనే ఆదేశించును. నిర్ణయము రాజపత్రమున ప్రకటింపబడినపిమ్మట రాష్ట్రములు దానికి కట్టుబడవలెను. అయినను అట్టి నిర్ణయముపై అప్పీలు వినుటకు తనకు అధికారము కలదని సుప్రీముకోర్టు 2016లో కావేరి వివాదమున పలికినది.

కృష్ణాజలములకై 1969లో బచావత్ అధ్యక్షతన న్యాయమండలి ఏర్పడెను. ఏటేట మారు ప్రవాహమును పంచుట యెట్లు? విజయవాడకడ 1894 మొదలు 78 ఏండ్ల ప్రవాహపు లెక్కలు చూచిరి. నూటికి 75 ఏండ్లు తప్పక లభించు నీరు 2060 టి.ఎం.సి. అని తేలినది. ఒక టి.ఎం.సి. యనగా నూరుకోట్ల ఘనపుటడుగులు. మండలి నిర్ణయమున మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశమునకు 800 లభించినవి. వాడిన నీటిలో కొంత మరల నదిని చేరును గావున పిమ్మట ఆంధ్రప్రదేశపు వాటా 811 అయ్యెను. పాత ఆయకట్టులకు రక్షణ కల్పించుట నాకు మిక్కిలి న్యాయముగా తోచును. 1855 నాటి విజయవాడ ఆనకట్టను నమ్ముకొని ఎన్ని తరములు బ్రతికినవో చూడుడు! అంతకుమించి వచ్చు మిగులుజలమును ఆంధ్రప్రదేశము వాడుకొనవచ్చును గాని, దానిపై హక్కు పొందజాలదు. వరద యేట ఇది లాభమే. కరవు యేట చివరి కాలువరైతు ఆకాశము చూడవలసినదే.

2004లో రెండవ మండలి, బ్రిజేష్‌కుమార్ అధ్యక్షతన, ఏర్పడినది. 2014లో రాష్ట్రము రెండైనది. ఉమ్మడివాటాను ఆంధ్రప్రదేశము, తెలంగాణములకు పంచు పని 2023లో ఆ మండలికే అప్పగింపబడినది.