చెక్కు వేరు, డి.డి. వేరు

కొన్ని దరఖాస్తుల్లో ఇప్పటికీ "ఫీజు డి.డి. రూపంలో పంపవలెను, చెక్కులు అంగీకరించబడవు" అని ఉంటుంది. రెండూ బ్యాంకు కాగితాలే కదా, ఒకటి ఎందుకు వద్దంటారు? నేను తెలుసుకున్నది రాస్తున్నాను, శ్రద్ధగా చదవండి.

చెక్కు అంటే ఖాతా ఉన్న మనిషి తన బ్యాంకుకు రాసే ఆజ్ఞ. "నా ఖాతాలోంచి ఫలానా వారికి ఇంత సొమ్ము ఇవ్వండి" అని రాసి సంతకం పెడతాడు. ఆ ఖాతాలో డబ్బుంటేనే మనకొస్తుంది. లేకపోతే చెక్కు తిరిగొస్తుంది. దాన్నే బౌన్సు అంటారు. సంతకం తేడా ఉన్నా, రాసినవాడే ఆపేయమని బ్యాంకుకు చెప్పినా అంతే.

డి.డి. అంటే డిమాండ్ డ్రాఫ్టు. దీనికి డబ్బు ముందే కట్టాలి. ఫారం నింపి, సొమ్ముతోపాటు కమీషన్ కడితే, బ్యాంకే తన శాఖకు "వీరికి ఇంత చెల్లించండి" అని రాసి మనకిస్తుంది. సంతకం బ్యాంకు అధికారిది, పూచీ బ్యాంకుది. అందుకే ఖాతాలో డబ్బు లేదని డి.డి. తిరిగి రాదు. 50,000 రూపాయలు, ఆపైన అయితే నగదు తీసుకోరు, ఖాతాలోంచే తీయాలి. 2018 సెప్టెంబరు 15 నుండి డి.డి. తీసినవారి పేరు కూడా దాని మీద వేస్తున్నారు.

ఇది దరఖాస్తులతో అయిపోయేది కాదు. పోయిన ఏడు మా నాన్న పసుపు అమ్మితే షావుకారు చెక్కు రాసిచ్చాడు. అది తిరిగొచ్చింది. సరుకూ పోయింది, డబ్బూ లేదు. ఇంట్లో అందరం దిగులుపడ్డాం. అప్పుడు మా సారు ఒక దారి చెప్పారు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 138వ సెక్షన్ ఉంది. చెక్కు తిరిగొచ్చినట్టు బ్యాంకు చీటీ ఇస్తుంది. అది అందిన 30 రోజుల్లోగా చెక్కు ఇచ్చినవాడికి నోటీసు పంపాలి. నోటీసు అందిన 15 రోజుల్లో అతను కట్టకపోతే, ఆ తర్వాత నెలలోగా కోర్టుకు వెళ్ళవచ్చు. నేరం రుజువైతే 2 సంవత్సరాల వరకు జైలు, లేదా చెక్కు సొమ్ముకు రెండింతల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మా నాన్న రిజిస్టరు పోస్టులో నోటీసు పంపాడు. గడువు లోపలే షావుకారు డబ్బు తెచ్చిచ్చాడు.

గుర్తుంచుకోవలసినవి:

1. చెక్కుకైనా, డి.డి.కైనా దాని మీది తేదీ నుండి 3 నెలలే గడువు. 2012 ఏప్రిల్ 1కి ముందు 6 నెలలు ఉండేది.

2. గడువు దాటిన చెక్కు బదులు కొత్తది రాయించుకోవాలి. డి.డి. అయితే, తీసినవారు అదే బ్యాంకుకు వెళ్ళి గడువు పొడిగించుకోవచ్చు.

3. మూలన రెండు గీతలు గీసి "అకౌంట్ పేయీ" అని ఉంటే సొమ్ము ఖాతాలోకే పోతుంది. కౌంటర్లో నగదు ఇవ్వరు.

4. తిరిగొచ్చిన చెక్కునూ, బ్యాంకు చీటీనీ పారేయవద్దు. అవే మనకు సాక్ష్యం.

మన ఇళ్ళలో చాలామంది పెద్దవాళ్ళకు చదువు రాదు. సెలవులకు వెళ్ళినప్పుడు ఈ సంగతి వాళ్ళకు చెప్పండి. ముక్కూ మొహం తెలియనివాడు చెక్కు ఇస్తానంటే, నగదో డి.డి.నో అడగమనండి.