‘సెమీఫైనల్’ ఫలితాల్లో పార్టీలు ఎవరి కోపాన్ని విన్నాయి?

లోక్‌సభ ఎన్నికలకు ముందు ఏ పెద్ద రాష్ట్రంలో అసెంబ్లీ ఎన్నికలు జరిగినా టీవీ చానళ్లు వాటికి ‘సెమీఫైనల్’ అని పేరు పెట్టేస్తాయి. సెమీఫైనల్లో ఓడిన జట్టు ఫైనల్ ఆడదు. కానీ 2018 డిసెంబర్‌లో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్‌లలో అధికారం పోగొట్టుకున్న బీజేపీ, ఐదు నెలలకే అవే రాష్ట్రాల్లోని 65 లోక్‌సభ స్థానాల్లో 61 గెలిచింది. అక్కడి తొమ్మిది ఎస్సీ రిజర్వుడు లోక్‌సభ స్థానాలూ దాని ఖాతాలోకే వెళ్లాయి.

అంటే అసెంబ్లీ ఫలితాలతో ఢిల్లీ జోస్యం చెప్పలేం. మరి అవి జాతీయ పార్టీలకు ఏం చెబుతాయి? ఆ సంవత్సరాన్నే కొంచెం దగ్గరగా చూద్దాం.

2018 మార్చి 20న సుప్రీంకోర్టు ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద అరెస్టులకు ముందస్తు అనుమతి, కేసు నమోదుకు ముందే ప్రాథమిక విచారణ వంటి షరతులు పెట్టింది. ఏప్రిల్ 2న దళిత సంఘాలు భారత్ బంద్ చేశాయి. గ్వాలియర్, భిండ్, మొరెనా జిల్లాల్లో ప్రాణాలు పోయాయి, ఎందరో యువకుల మీద కేసులు పడ్డాయి. ఆగస్టులో పార్లమెంటు 18ఏ సెక్షన్ చేర్చి చట్టాన్ని మళ్లీ నిలబెట్టింది. ఆ సవరణ మీద అగ్రకుల సంఘాలు భగ్గుమని సెప్టెంబర్ 6న తమ బంద్ తాము చేశాయి.

డిసెంబర్ 11న ఓట్లు లెక్కపెడితే, మధ్యప్రదేశ్‌లోని 35 ఎస్సీ స్థానాల్లో బీజేపీ బలం 28 నుంచి 18కి పడిపోయింది. ఛత్తీస్‌గఢ్‌లోని పదింటిలో తొమ్మిది నుంచి రెండుకు దిగింది. రాజస్థాన్‌లో 2013లో 34కు 32 గెలిచిన పార్టీ ఈసారి సగం కూడా నిలుపుకోలేదు. బంద్ రోజు నెత్తురు పారిన గ్వాలియర్-చంబల్ ప్రాంతంలో 34 సీట్లకు 26 కాంగ్రెస్‌కు వచ్చాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఎస్సీ స్థానంలో ఫలితం మారితే దళిత ఓటు మారిందని పత్రికలు వెంటనే రాసేస్తాయి. దాదాపు ప్రతి ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గంలోనూ దళితేతర ఓటర్లే ఎక్కువ. అభ్యర్థి దళితుడు, తీర్పు మాత్రం ఊరందరిదీ. పైగా సీట్లు తేడాను పెద్దది చేసి చూపిస్తాయి. మధ్యప్రదేశ్‌లో కాంగ్రెస్ కంటే బీజేపీకే ఓట్లు కాస్త ఎక్కువ, 41 శాతం. సీట్లు మాత్రం 114, 109. కాబట్టి ఓటమికి కారణం దళితుల కోపమా, అగ్రకులాల అలకా, రైతుల కష్టమా అన్నది ఫలితం తనంతట తాను చెప్పదు. పార్టీయే తనకు కావలసిన కారణాన్ని ఎంచుకుంటుంది. అసలు రాజకీయం ఆ ఎంపికలోనే ఉంటుందని నా అభిప్రాయం.

బీజేపీ ఏది ఎంచుకుందో తేదీలే చెబుతాయి. ఫలితాలు వచ్చిన నెల తిరగకుండానే, 2019 జనవరి 7న, ఈడబ్ల్యూఎస్ పది శాతం రిజర్వేషన్‌కు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. 8న లోక్‌సభలో 323-3తో, 9న రాజ్యసభలో 165-7తో బిల్లు గట్టెక్కింది. 12న రాష్ట్రపతి సంతకం. ఒక రాజ్యాంగ సవరణ ఐదారు రోజుల్లో అయిపోయింది! కాంగ్రెస్ మద్దతిచ్చింది, బీఎస్పీ కూడా ఇచ్చింది.

మరి ఏప్రిల్ 2 కేసులు? వాటి కోసం మాయావతి బెదిరించాల్సి వచ్చింది. మధ్యప్రదేశ్‌లో మెజారిటీకి 116 కావాలి, కాంగ్రెస్‌కు రెండు తక్కువ. బీఎస్పీకి అక్కడ గెలిచినవాళ్లు సరిగ్గా ఇద్దరు. కేసులు ఎత్తేయకపోతే మద్దతు సంగతి మళ్లీ ఆలోచిస్తామని ఆమె 2018 డిసెంబర్ 31న హెచ్చరించాకే అక్కడి కాంగ్రెస్ ప్రభుత్వం ఉపసంహరణ మాట ఎత్తింది. ఇద్దరు ఎమ్మెల్యేల విలువ అది. రాజస్థాన్‌లో గెలిచిన ఆరుగురు బీఎస్పీ ఎమ్మెల్యేల కథ వేరు. 2019 సెప్టెంబర్‌లో ఆరుగురూ కాంగ్రెస్‌లో కలిసిపోయారు. 2009లోనూ అక్కడ ఇదే జరిగింది.

ఓటరు రెండు ఎన్నికలను రెండుగా చూస్తాడని కేసీఆర్‌కు ముందే తెలుసు. 2018 సెప్టెంబర్‌లో అసెంబ్లీ రద్దు చేసింది లోక్‌సభ గాలి తగలకుండా ఉండటానికే. డిసెంబర్‌లో 119కి 88 వచ్చాయి. మేలో లోక్‌సభకు 17లో తొమ్మిదే వచ్చాయి. అసెంబ్లీలో ఒక్క సీటు గెలిచిన బీజేపీ నలుగురు ఎంపీలను తెచ్చుకుంది.

2023 డిసెంబర్‌లో ఆ మూడు రాష్ట్రాలూ మళ్లీ బీజేపీ చేతికి వచ్చాయి. ఈసారి ‘సెమీఫైనల్’ లెక్క పక్కాగా కుదురుతుందన్నారు. మధ్యప్రదేశ్‌లో కుదిరింది, 29కి 29. రాజస్థాన్‌లో మాత్రం, రాజ్యాంగం మార్చేస్తారన్న భయం వాడవాడలా చర్చ అయిన ఆ ఎన్నికలో, నాలుగు ఎస్సీ స్థానాలకు మూడు, గంగానగర్, భరత్‌పూర్, కరౌలీ-ధోల్‌పూర్, కాంగ్రెస్‌కు వెళ్లాయి.