మొరాకో కన్నా ముందు మనమే

2022 ఖతార్ ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో మొరాకో సెమీఫైనల్ చేరింది. ఆఫ్రికా జట్టు అంతదాకా వెళ్లడం అదే మొదలు. జనాభా చూస్తే ఆ దేశం ఇంచుమించు మన తెలంగాణ అంత. మరి మనమెందుకు లేమని జనగామలో కుర్రాడు అడిగితే, ఒకప్పుడు ఉన్నామనే చెప్పాలి.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీస్‌కు వెళ్లింది. అప్పటికి ఆఫ్రికా కప్ పుట్టనేలేదు. మరుసటి ఏడాది ఖార్తూమ్‌లో మూడంటే మూడు జట్లతో మొదలైంది. మన జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్‌ది హైదరాబాద్. నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం కూడా అక్కడివాళ్లే.

ఒక్క ఊరి నుంచి ఇంతమంది ఎలా వచ్చారు? నా లెక్కలో దీనికి జవాబు పోలీసు కొలువు. ఆడేవాడికి నెల జీతం, రోజూ సాధన. ఆ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టే 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. దానికీ కోచ్ అయిన రహీమ్ అసలు బడిపంతులు. అలవాటు లేని కాలితోనే బంతి తన్నాలనే నియమంతో పోటీలు పెట్టేవాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో, తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందుకు పంపి గోల్ కొట్టించాడు. కొరియాపై 2-1తో స్వర్ణం మనదైంది. అప్పటికే ఆయనకు క్యాన్సర్. 1963 జూన్‌లో కన్నుమూశాడు.

ఆ తర్వాత దారులు వేరయ్యాయి. ప్రపంచకప్‌లో తమకంటూ ఖాయమైన చోటు లేదని 1966లో ఆఫ్రికా దేశాలు బహిష్కరించాయి, 1970కి ఆ చోటు సాధించాయి. 1990లో కామెరూన్ క్వార్టర్స్ ఆడింది. 1996లో నైజీరియా ఒలింపిక్ స్వర్ణం తెచ్చుకుంది. మనకు జాతీయ లీగ్ అంటూ మొదలైందే 1996లో! మంచి ఆటగాళ్లు కలకత్తా క్లబ్బుల బాట పట్టారు, వాళ్ల వెనక వచ్చేవాళ్లను తయారుచేసే ఏర్పాటు సన్నగిల్లింది. మొరాకో సరిగ్గా దానిమీదే డబ్బు పెట్టింది. క్వార్టర్ ఫైనల్లో పోర్చుగల్‌పై తలతో గోల్ కొట్టిన ఎన్-నెసీరి, రాజు పేరిట నడిచే అకాడమీలో పెరిగినవాడే.

ప్రతిభ నగరాల్లోనే ఉంటుందనుకోవడానికి లేదు. 2025లో దేశ ఉత్తమ ఫుట్‌బాల్ క్రీడాకారిణిగా ఎంపికైన గుగులోత్ సౌమ్య నిజామాబాద్ జిల్లా తండా పిల్ల. మానుకోట, భూపాలపల్లి చుట్టూ అలాంటి తండాలు ఎన్నో. అదే ఏడాది మన అమ్మాయిల జట్టు థాయ్‌లాండ్‌ను దాని సొంతగడ్డపైనే 2-1తో ఓడించి 2026 ఆసియా కప్‌కు అర్హత తెచ్చుకుంది.