వీథిగోడ మీది బొమ్మ యెవరిది?



తెల్లవారుజామున వాకిలి యూడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు పెట్టుట మనకు నిత్యకృత్యము. ఆ ముగ్గు మన చేతిదే యైనను మన యింటిలోనిది కాదు, వీథిలోనిది. పాలు తెచ్చువాడును, బడికి పోవు పిల్లలును, దారిన పోవు పరాయివారును దానిని చూతురు. దానికి వెల లేదు, క్రింద సంతకము లేదు, మధ్యాహ్నమునకు చెరగిపోవును. వీథిచిత్రమనగా నేమని యెవరైన నడిగినచో మన వాకిలినే చూపవచ్చును.

నేడు పెద్దనగరములలో గోడలమీద వేయు బొమ్మలనుగూర్చి గొప్ప వివాదము సాగుచున్నది. అన్యాయమును చూపుటకు వేసిన బొమ్మను రాజకీయపక్షము తనదనుచున్నది. వర్తకుడు తన సరకు ప్రక్కన నిలుపుకొనుచున్నాడు. ఇది యెక్కడనో దూరదేశముల ముచ్చట యని మేమును తలచియుంటిమి. రెండు వేసవుల క్రిందట నది మా గోడమీదికే వచ్చినది. కావున నీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా యిల్లు వీథి మొగను గలదు. ప్రహరీగోడ దారికెదురుగా నుండును. ఆ వేసవిని మా వీథి కొళాయికి నెలన్నర దినములు నీరు రాలేదు. ఆడువారమందఱమును బిందెలు మోసికొని మూడు వీథుల కవతలికి పోవుచుంటిమి. రెండర్జీలు వ్రాసితిమి, జవాబు రాలేదు. అప్పుడు మావారు పాఠము చెప్పు బడిలోని పెద్దతరగతి బాలికలు నలుగురు వచ్చి, "అమ్మగారూ, మీ గోడ మాకిత్తురా?" యని యడిగి, యొక యాదివారమున బొమ్మ వేసిరి. వరుసగా నిరువది ఖాళీ బిందెలు. చివరి బిందె యొద్ద నొక చిన్నపిల్ల, దాని చంకలో పలక. అక్షరమొక్కటియు లేదు.

ఆ బొమ్మ యొద్ద జనులు నిలువసాగిరి. బండ్లాపి సెల్‌ఫోనులతో ఫొటోలు తీసికొనిరి. పదిదినములు గాకమునుపే ఇరుతెగలవారు మా గుమ్మమునకు వచ్చిరి. మొదటివారు ఎన్నికలలో నిలిచిన యొకరి యనుచరులు. "బొమ్మ యెంతయో బాగున్నదమ్మా! క్రింద మా గుర్తు మాత్రము వేయనిండు. గెలిచినచో మొదటి పని మీ కొళాయియే" యనిరి. తరువాత వచ్చినవాడు నీళ్లట్యాంకులు చేయు నొక కంపెనీ మనిషి. "బొమ్మ చెరపము, మంచి రంగులతో మరల వేయింతుము. చివరి బిందె కవతల మా ట్యాంకు బొమ్మ నిలుపుదుము. ఏటేట గోడకు అద్దె యిత్తుము. వీథివారికొక ట్యాంకు ఉచితముగా నిత్తుము" అనెను.

మొదటివారికి కాదనుట సులభముగనే యుండెను. రెండవమాటకు మాలో మాకు భేదము పుట్టెను. ఎదురింటి పిన్నిగారికి మోకాళ్లనొప్పులు; బిందె మోయలేరు. "బొమ్మకు దాహము లేదు తల్లీ, మనకున్నది" అని యామె యనిరి. ఆ మాటకు మాకు వెంటనే యుత్తరము తోచలేదు. ఒక వారము గడువడిగితిమి. ఆ వారములో మావారు తెచ్చియిచ్చిన పత్రికలలోను పుస్తకములలోను ఇతరుల గోడలకథలు చదివితిమి. వానిలో కొన్నిటిని మీకు జెప్పెదము.

1932వ సంవత్సరమున అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరమున ఓల్వెరా వీథియందు మెక్సికో దేశపు చిత్రకారుడు డేవిడ్ అల్ఫారో సికీరోస్ ఒక మేడగోడపై ఇంచుమించు ఎనుబది యడుగుల పొడవున బొమ్మ వేసెను. ఆ వీథి యాత్రికులను రప్పించుటకై మెక్సికో సంతవలె ముస్తాబు చేయబడినది. బొమ్మ వేయించినవారు పచ్చనితోటలును, పక్షులును గల ఉష్ణదేశపు సొగసు నాశించిరి. అతడు నడుమ శిలువకు గట్టబడిన ఆదివాసిని, వానిపైన అమెరికా గ్రద్దను వ్రాసెను. వ్యాపారమునకు వన్నె తేవలసిన గోడ వ్యాపారులనే నిలదీసెను. కొద్దినెలలలోనే వీథినుండి కనబడు భాగమునకును, కొన్నియేండ్లకు మొత్తమునకును సున్నము కొట్టించిరి. కాని యా సున్నము ఎండకు వానకు పొరలుపొరలుగా నూడి, 1960-70 ప్రాంతమున బొమ్మ మరల తొంగిచూచెను. గెట్టీ సంస్థవారును నగరపాలకులును కలిసి దానిని కాపాడి 2012వ సంవత్సరమున ప్రజలకు చూపిరి. రంగులు చాలవఱకు పోయినవి, రూపము మిగిలినది. నాడు కప్పివేసినదానినే నేడు నగరము యాత్రికులకు చూపుచున్నది. యజమానికి నొప్పి కలిగించు బొమ్మకు మొదట సున్నమును, నొప్పి చల్లారిన పిదప సన్మానమును లభించుననుట కిది యుదాహరణము.

ఇక మన పొరుగుననే జరిగిన ముచ్చట. 2019వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీన చెన్నపట్టణమందలి బీసెంట్ నగరమున కొందఱు, వారిలో స్త్రీలును గలరు, పౌరసత్వ సవరణచట్టము వలదని ముగ్గులలో వ్రాసి వీథిలో బెట్టిరి. పోలీసులు కొందఱిని పట్టుకొనిపోయి పిదప విడిచిపుచ్చిరి. మఱునాడే, అప్పుడు ప్రతిపక్షముగా నున్న ద్రావిడ మున్నేట్ర కళగమువారు తమ నాయకుల యిండ్లముందు అట్టి ముగ్గులే పెట్టించిరి. ఆ చట్టము మంచిదా కాదా యనునది వేఱు చర్చ. మేము గమనించినదొక్కటి. పిండిచేత బట్టిన స్త్రీకి బలవంతుల యండ దొరకుట తప్పు కాదు. దానివలన ధైర్యము కలుగును. కాని యొక్క రాత్రిలో వాకిటి ముగ్గు పక్షపు ముగ్గయ్యెను. అంతకుమున్ను దానిని చూచినవాడు "ఈ మాట న్యాయమా?" యని యోచించియుండును. ఆ పిమ్మట "ఇది యే పక్షము?" అని మాత్రమే యడుగును.

వర్తకుల తీరు మఱియొకటి. 2018వ సంవత్సరారంభమున హెచ్ అండ్ ఎమ్ అను స్వీడను దేశపు బట్టలకంపెనీవారు న్యూయార్కు నగరమున బ్రూక్లిన్ భాగమందు ఆటస్థలపు గోడయొకటి వెనుక గనబడునట్లు ఒక యువకుని నిలిపి తమ దుస్తులకు ప్రకటన తీయించిరి. ఆ గోడమీదివి రెవోక్ అను మాఱుపేరుగల చిత్రకారుడు వేసిన గీతలు. తన యనుమతి లేదని అతడు న్యాయవాదిచే వ్రాయింపగా, కంపెనీవారు న్యాయస్థానమున కెక్కి, అనుమతిలేక వేసిన బొమ్మ నేరము గావున దానిపై వేసినవానికి హక్కే లేదనిరి. చిత్రకారులు మండిపడి, వారి బట్టలు కొనవలదని చాటగా, మార్చినెలలోనే దావాను విరమించుకొనిరి. కూర కమ్మగా నున్నదని తిని, వండినదానిని దొంగయన్నట్లున్నది గదా యీ వాదము!

అట్లని వర్తకులసొమ్ము తాకిన ప్రతి బొమ్మయు చెడినదనుట న్యాయము కాదు. ఢిల్లీనగరమున లోదీకాలనీలో 2015-16 నుండియు, మన హైదరాబాదులో ఖైరతాబాదు చెంతనున్న ఎం.ఎస్. మక్తాలో 2016వ సంవత్సరమునను స్టార్ట్ ఇండియా అను సంస్థవారు ఇంటిగోడలపై గొప్పబొమ్మలు వేయించిరి. ఆ సంస్థకు ఏషియన్ పెయింట్స్ అను రంగులకంపెనీ చిరకాలముగా తోడుపడుచున్నది. రంగులమ్మువారికి రంగుల గోడలు ప్రకటనయే. ఐనను వానివలన చిత్రకారులకు జీవనము దొరకినది. చిత్రశాల గడప నెన్నడును ద్రొక్కని పిల్లలు బొమ్మలక్రింద నాడుకొనుచున్నారు. ఇది చిన్నమేలు కాదు. కాని యిచ్చువాని చేయి పైన నున్నంతకాలము, ఆ చేతినే తప్పుపట్టు బొమ్మకు ఆ గోడపై చోటు దొరకుట కష్టమని మా యభిప్రాయము.

అన్నిటికంటె మా మనస్సును కలచినది ఇటలీ దేశస్థుడు, బ్లూ అను మాఱుపేరుగల చిత్రకారుని కథ. అతడు 2007, 2008 సంవత్సరములలో బెర్లిన్ నగరమున క్రాయిట్స్‌బర్గ్ పేటలో నొక ఖాళీస్థలము ప్రక్కన రెండు గొప్ప బొమ్మలు వేసెను. ఒకదానియందు తలలేని మనుష్యుడు. రెండుచేతులకును బంగారు గడియారములు. ఆ గడియారములను కలుపుచు గొలుసు. ధనమే సంకెల యని దాని భావము. ఆ బొమ్మలను చూడ యాత్రికులు గుమిగూడిరి. పేటకు పేరు వచ్చెను. ఇండ్ల అద్దెలు పెరిగెను. ఆ స్థలమున గుడిసెలు వేసికొన్న బీదలు 2014 సెప్టెంబరులో, అగ్నిప్రమాదమైన పిదప, ఖాళీ చేయింపబడిరి. అచట మేడలు కట్టుటకు సన్నాహము సాగెను. ధనమును నిందించిన బొమ్మ ధనికుల మేడకు శోభ కానున్నది! ఆ డిసెంబరున నొక రాత్రి, చిత్రకారుని సమ్మతితోనే, రెండు బొమ్మలకును నల్లరంగు పూసిరి. 2016 మార్చిలో ఇటలీలోని బొలోన్యా నగరమున పెద్దలు వీథిచిత్రముల ప్రదర్శన మేర్పాటుచేసి, గోడలనుండి ఊడదీసిన బొమ్మలనుగూడ టిక్కెట్టుపై చూపబూనగా, బ్లూ తాను ఆ యూర ఇరువదియేండ్లుగా వేసిన బొమ్మలన్నిటిని స్నేహితుల సాయమున బూడిదరంగుతో కప్పివేసెను. కన్నబిడ్డవంటి పనిని చేజేతుల మాపుకొనుట యెంత కష్టమో ముగ్గు పెట్టు మన చేతులకు కొంత తెలియును.

ఈ కథలు చదువుచుండగా మాకు ఉత్తరరామచరితము తలపునకు వచ్చినది. మొదటి యంకమున భవభూతి చిత్రదర్శనము కల్పించినాడు. లక్ష్మణుడు తమ వనవాసకథను బొమ్మలలో చూపును; సీత వానిని చూచి యానందించి, మరల నా వనములు చూడవలెనని ముచ్చటపడును. ఆ ముచ్చటకై సిద్ధపఱచిన రథమే, లోకాపవాదము చెవిని బడినపిమ్మట, ఆమెను అడవిలో విడిచుట కుపకరించెను. బొమ్మ యబద్ధము కాదు. చూపినవాని మనస్సు కల్మషము కాదు. సీత కోరిక తప్పు కాదు. ఐనను ప్రేమతో చూపిన బొమ్మ పుట్టించిన కోరికను రాజ్యము తన పనికి వాడుకొన్నది. బొమ్మను వేయుటతో మన బాధ్యత తీరదనియు, అది యెవరి రథమునకు గుఱ్ఱమగుచున్నదో చూచుకొనవలెననియు మాకు దోచినది.

వారము గడచెను. వీథిలోని యాడువారమందఱమును మా యరుగుమీద గూర్చుంటిమి. మేము చెప్పినదిది: "ఖాళీ బిందెలు 'నీరేల రాదు?' అని యడుగుచున్నవి. ఆ ప్రశ్న పురపాలకసంఘమునకు. బిందెల ప్రక్క ట్యాంకు నిలిచినచో ఆ బొమ్మయే 'ట్యాంకు కొనుడు' అని చెప్పును. అప్పుడు నీరు రాకుండుట వారి తప్పు కాక, కొనజాలని మన తప్పగును." అందఱును ఒప్పుకొనలేదు. పిన్నిగారు పెదవి విఱిచిరి. ఆమె బాధ నిజమైనది. కాదన్నవారము మేము గావున, నీరు వచ్చువఱకు ప్రతిదినము రెండు బిందెలు ఆమె గడపలో దింపు భారమును మేమే వహించితిమి. మొదటివారము తరువాత మా నడుమునకుగూడ ఆమె వాదములోని బలము తెలిసినది.

పిమ్మట గోడబొమ్మ ఫొటోను చేతబట్టుకొని పదునొకండుగురము పురపాలకసంఘపు కార్యాలయమునకు నాలుగు మాఱులు పోయితిమి. జూను చివరను నాలుగురోడ్ల యొద్ద పగిలిన గొట్టమును త్రవ్వి బాగుచేసిరి. ఇది బొమ్మ మహిమయో, మా తిరుగుళ్ల ఫలమో, ఎన్నికల పుణ్యమో నిర్ణయింపజాలము. మూడును కొంత కొంత యుండవచ్చును.

తోడి గృహిణులకు మేము చెప్పదగిన మాట యిది. మీ గోడ మీది. ఎన్నికల ప్రవర్తనా నియమావళియందును, యజమాని యనుమతి లేక యింటిగోడలపై నినాదములు వ్రాయరాదనియే యున్నది. బహిరంగస్థలములను వ్రాతలతో పాడుచేయుటను నిషేధించుచు ఆంధ్రప్రదేశమున 1997వ సంవత్సరమున చట్టముగూడ చేయబడినది. కావున అడుగక వ్రాసినవానిని అడ్డగించుటకు సంకోచింపవలదు. అడిగి వచ్చినవానిని మాత్రము మూడు ప్రశ్నలడుగుడు: ఈ బొమ్మ యెవరి కష్టమును చెప్పుచున్నది? మీరు చేర్చుదానితో నా కష్టము ఇంకను కనబడునా, మఱుగుపడునా? లాభము వచ్చినచో అది కష్టపడువారికి చేరునా? ఈ మూడింటికి మంచి జవాబు దొరకినచో వర్తకుని రంగైనను, పక్షమువారి సాయమైనను పుచ్చుకొనుటలో దోషము లేదు.

సంక్రాంతికి ముందు ఆ నలుగురు బాలికలును మరల వచ్చి, నీరు వచ్చుచుండగా ఖాళీ బిందెలు గోడపై నుంచుట అబద్ధమగునని, తామే సున్నము పూసిరి. మాకు మనసొప్పలేదు గాని అడ్డుచెప్పలేదు. పిన్నిగారు చీటీ డబ్బుతో ఒక ట్యాంకు కొనుక్కొనిరి. "ఆనాడైతే ఊరకనే వచ్చెడిది" అని యిప్పటికిని అప్పుడప్పుడు అందురు. మేము నవ్వి యూరకుందుము. ఏలయన, ఆ మాటయు అబద్ధము కాదు. గోడ తెల్లగా నున్నది. కొళాయి మరల ఎండినచో ఏమి వేయవలెనో ఆ పిల్లలకు తెలియును.