గురి తప్పితే... ఊరికే ముప్పు!

ఎదురుగా ఇరవై అడుగుల దూరంలో పులి. గాయపడింది, కోపంతో నోరు తెరిచి గాండ్రిస్తోంది. ఆ వేటగాడి దగ్గరున్న మూడు తూటాలూ అయిపోయాయి. పరుగున వెళ్లి, కొండమీద నిలబడ్డ తహసీల్దారు చేతిలోని తుపాకీ లాక్కొచ్చాడు. తీరా ఎత్తి చూస్తే... గొట్టానికీ వెనకభాగానికీ మధ్య సందు! గురి చూసుకోవడానికి ఉండాల్సిన చోట ఓ పెద్ద లోహపు ముద్ద. మరో దారిలేదు. ఆ ముద్దనే పులి నోటికి సూటిగా పెట్టి కాల్చాడు. తూటా నోటికి తగల్లేదు. పంజాకి తగిలింది. అదీ ఎంత బలహీనంగా అంటే, తర్వాత దాన్ని గోళ్లతో పీకి తీశాడు! అప్పటికే పులి కొనఊపిరితో ఉంది కాబట్టి సరిపోయింది.

ఆ వేటగాడు జిమ్ కార్బెట్. ఆ ఊరు కుమావూ కొండల్లోని చంపావత్. సంవత్సరం 1907. నేపాల్‌లోనూ కుమావూలోనూ కలిపి 436 మందిని చంపిందని లెక్కతేలిన ఆడపులి కథ అలా ముగిసింది. 1944లో వచ్చిన ‘మ్యానీటర్స్ ఆఫ్ కుమావూన్’ పుస్తకంలో కార్బెట్ ఆ సంగతంతా రాశారు. ఆ రోజు ఆయన్ని ఇబ్బందిపెట్టిన వాటిలో ఆ లోహపు ముద్ద కూడా ఒకటి. తుపాకీ భాషలో దాని పేరు ‘సైట్’.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో సరదా వేటకు తెరపడింది. కానీ ఆఫ్రికాలో, ఐరోపాలో, అమెరికాలో లైసెన్సులూ నిబంధనల మధ్య వేట సాగుతూనే ఉంది. దుర్భిణి బిగించిన రైఫిళ్లు ఎన్ని వచ్చినా, దట్టమైన పొదల్లో తిరిగేవాళ్లు ఇప్పటికీ ఇనుప సైట్లనే నమ్ముకుంటున్నారు. ఏ సైట్ ఎంచుకోవాలన్నది వాళ్లకి చిన్న విషయం కాదు.

రెండు ముక్కలు... ఒక కన్ను

ఎన్‌సీసీలో రైఫిల్ పట్టినవాళ్లకి ఇది తెలిసిందే. గొట్టం చివర ఉండేది ఫోర్‌సైట్. కంటికి దగ్గరగా ఉండేది బ్యాక్‌సైట్. వెనకదాని గాడిలో ముందుదాని మొన నిలబడాలి, ఆ మొన మీద లక్ష్యం కూర్చోవాలి. చెప్పడానికి ఇంతే!

చిక్కంతా కంటితోనే. మూడు వేర్వేరు దూరాల్లో ఉన్న మూడింటిని కన్ను ఒకేసారి స్పష్టంగా చూడలేదు. అందుకే చూపు ముందు మొన మీదే నిలపమంటారు. లక్ష్యం కాస్త మసకబారినా ఫర్వాలేదు, మొన మసకబారకూడదు. సైట్ల మధ్య దూరం అరవై సెంటీమీటర్లు ఉన్న రైఫిల్‌లో మొన ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగిందనుకోండి... వంద మీటర్ల దూరంలో తూటా దాదాపు పదిహేడు సెంటీమీటర్లు పక్కకి పోతుంది. గుండెకి తగలాల్సింది కడుపులో దిగడానికి అది చాలు.

అడవిలో వెడల్పే మేలు

బల్లమీద రైఫిల్ ఆనించి, తీరిగ్గా కాగితం మీది చుక్కని కొట్టేవాళ్లకి సన్నటి లోతైన గాడి బాగుంటుంది. అడవిలో అది పనికిరాదు. పొదలోంచి జంతువు బయటపడి, మళ్లీ పొదలో మాయమయ్యేలోపు దొరికే సమయం రెండు మూడు క్షణాలే. సన్నటి గాడిలో మొనని వెతుక్కునేసరికి అది కాస్తా అయిపోతుంది.

అందుకే ఇంగ్లండులోని తుపాకీ తయారీదార్లు ‘ఎక్స్‌ప్రెస్ సైట్’ని ప్రత్యేకంగా మలిచారు. పళ్లెంలా పరుచుకున్న వెడల్పాటి ‘వి’ ఆకారం, దాని మధ్యలో నిలువుగా ఓ తెల్లటి గీత. రైఫిల్ ఎత్తగానే ఆ గీత మీదికి మొన దానంతటదే వచ్చి కూర్చుంటుంది. దగ్గరి దూరానికి ఒక రేకు ఎప్పుడూ నిలబడే ఉంటుంది. దూరంగా కాల్చాలంటే వెనకాల మడిచి ఉన్న మరో రేకుని లేపుకోవాలి. మూడు నాలుగు రేకులుంటే గొప్పగానే కనిపిస్తుంది కానీ... కంగారులో తప్పు రేకు లేచిందా, తూటా జంతువు వీపు మీదుగా పోయినట్టే!

పూస పెద్దదైతే...

ముందు మొన చివర చాలా రైఫిళ్లలో చిన్న పూస ఉంటుంది. పెద్ద పూస త్వరగా కనిపిస్తుంది, నిజమే. కానీ అది లక్ష్యాన్ని కప్పేస్తుంది కూడా. అంగుళంలో పదహారో వంతు వెడల్పున్న పూస, వంద గజాల దూరంలో సుమారు అరడుగు మేర మూసేస్తుంది. పొదల్లో యాభై గజాల లోపు కాల్చేవాళ్లకి అది చాలు. మైదానంలో దూరంగా నిలబడ్డ జింక మీద గురిపెట్టేవాళ్లకి సన్నటి మొనే కావాలి.

రంగుదీ పెద్ద కథే. వెనకటి రోజుల్లో దంతపు పూసలు పెట్టేవారు. సంధ్యవేళ తెల్లగా కనిపిస్తుందని వాటికి గిరాకీ. పైగా బయటికి కనిపించకుండా మడిచిపెట్టి, పొద్దువాలాక పైకి లేపుకునే పెద్ద తెల్లపూస కూడా ఉండేది. దానికి ‘మూన్‌సైట్’ అని ముద్దుపేరు. ఇత్తడి, బంగారం పూసలు ఎండలో మెరుస్తాయి. ఆ మెరుపులోనే మోసముంది. ఎడమనుంచి ఎండ పడితే గుండ్రటి పూస ఎడమ అంచే వెలుగుతుంది. కన్ను ఆ వెలుగునే పూస అనుకుని గురిపెడుతుంది. తూటా కుడికి పోతుంది! అందుకే ముఖం చదునుగా ఉన్న పూస తీసుకోవడం మేలు.

చిల్లులోంచి చూస్తే...

మూడో రకం ‘పీప్ సైట్’. గాడి బదులు, కంటికి దగ్గరగా చిన్న వలయం. దాన్ని పట్టించుకోనక్కర్లేదు. అందులోంచి చూస్తే చాలు, కన్ను తనంతట తానే మొనని వలయం మధ్యకి తెచ్చుకుంటుంది. నలభై దాటి, దగ్గరి వస్తువులు మసకబారేవాళ్లకి ఇది వరమే. కళ్లజోడు మర్చిపోయినప్పుడు కళ్లు చికిలించి అక్షరాలు చదువుతామే, చిన్న చిల్లు చేసే సాయమూ అలాంటిదే. ఇబ్బందల్లా వెలుతురుతోనే. చిల్లు మరీ చిన్నదైతే చీకటి చెట్లకింద ఏమీ కనిపించదు, వానచినుకు పడితే పూర్తిగా మూసుకుపోతుంది. అందుకని వేటకి పెద్ద చిల్లు, సన్నటి అంచు ఉన్నదే వాడతారు.

భుజానికెత్తి చూడాలి

ఏ సైట్ అయినా కొనేముందు ఓ చిన్న పరీక్ష ఉంది. తూటాల్లేని రైఫిల్‌ని, మనుషులెవరూ లేనివైపు, కళ్లు మూసుకుని భుజానికి ఆనించుకోవాలి. కళ్లు తెరవగానే గాడిలో మొన కనిపిస్తే అది మీ రైఫిల్. తలని పైకీ కిందికీ జరపాల్సి వస్తే కాదు. దుర్భిణి కోసం ఎత్తుగా చేసిన కర్రమీద చెంప ఆనిస్తే కన్ను ఇనుప సైట్ల వరసలోకి దిగదు. ఆ తర్వాతే కాల్చిచూసి సరిచేసుకోవడం. తూటా ఎటు జరగాలనుకుంటే బ్యాక్‌సైట్‌ని అటే జరపాలి. ఫోర్‌సైట్‌నైతే దానికి వ్యతిరేక దిశలో!

చీకటి పడితే అన్ని సైట్లూ ఒకటే. 1926 మే నెలలో రుద్రప్రయాగ చిరుతని కార్బెట్ కాల్చింది టార్చిలైటు వెలుగులోనే. అప్పటి చిత్తూరు జిల్లా చామల లోయలో మనుషుల్ని చంపే పులి గురించి రాసిన బెంగళూరు వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ కూడా తన .405 వించెస్టర్ రైఫిల్‌కి టార్చి బిగించుకునేవారు. వెలుతురు ముందు మొన మీదా, జంతువు మీదా ఒకేసారి పడాలి. రెంటిలో ఏది కనిపించకపోయినా వేలు ట్రిగర్ మీదినుంచి తీసేయాల్సిందే.

ఎందుకంత పట్టింపు?

చంపావత్ పులిని చంపినందుకు కార్బెట్‌కి సంయుక్త రాష్ట్రాల లెఫ్టినెంట్ గవర్నర్ జాన్ హ్యూయెట్ ఓ .275 రిగ్బీ రైఫిల్ బహూకరించారు. 2015లో అది తయారుచేసిన రిగ్బీ కంపెనీకే తిరిగి చేరింది. అందరూ ఆ రైఫిల్ గురించే చెప్పుకుంటారు. కానీ చంపావత్ కథలో చెప్పుకోవాల్సిన తుపాకీ ఇంకొకటుంది.

చచ్చిపడిన పులి నోరు తెరిచి చూశారు కార్బెట్. కుడివైపు కోరపళ్లు రెండూ విరిగి ఉన్నాయి. పైది సగానికి, కిందిది ఎముకదాకా. ఎప్పుడో, ఎవరో కాల్చిన తుపాకీ దెబ్బ అది. కోరలు పోయాక అడవి జంతువుల్ని వేటాడలేక పులి మనుషుల మీద పడిందని ఆయన రాశారు.

ఆ కాల్చినవాడెవరో ఎవరికీ తెలియదు. గురి కాస్త తప్పిందనుకుని, ఇంటికెళ్లి మర్చిపోయి ఉంటాడు. ఆ తప్పిన గురికి మూల్యం చెల్లించింది మాత్రం 436 కుటుంబాలు!