యంత్రములోని యంత్రము: బీటా పరీక్ష

బియ్యము సోలెడు వండి చూచినగాని బస్తా దింపించుకొనని మనము, క్రొత్త ఆపరేటింగ్ సిస్టము వచ్చినదన్న మాత్రమున వెనుకముందు చూడక కంప్యూటరులోని కెక్కించుట వింతగా నున్నది. అందును అది యింకను పరీక్షలో నున్న బీటా యైనచో, ఇంటి ఫోటోలను, పద్దులను, పిల్లల పాఠములను దాని కప్పగించుట సాహసమే.

దీనికొక యుపాయము కలదు. వర్చువల్ బాక్సు వంటి సాఫ్ట్‌వేరు మన కంప్యూటరులోపల మరియొక కంప్యూటరును కల్పించును. దానినే వర్చువల్ మెషీనందురు. 1960ల దశకముననే ఐ.బి.ఎమ్. వారు ఈ పద్ధతిని నడపిరి. లోపలి యంత్రమునకు మన ర్యాములో కొంత పంచి యిత్తుము. దాని హార్డుడిస్కు మన డిస్కులో నొక పెద్ద ఫైలు మాత్రమే. ముందుగా స్నాప్‌షాటు తీసి యుంచినచో, బీటా చెడినను తీసిననాటి స్థితికి మరలవచ్చును. విండోస్ 11 నకే 4 జీబీ ర్యాము, 64 జీబీ చోటు కావలెను గనుక, 8 జీబీ ర్యాము గల యంత్రమున రెంటికిని ఇఱుకే; 16 ఉన్న సుఖము.

నేను ముఖ్యముగా చెప్పదలచినది వేఱు. 2018 అక్టోబరులో విండోస్ 10 యొక్క 1809 అను కూర్పు విడుదల కాగా, కొందఱి ఫైళ్లు మాయమయ్యెను. పత్రముల ఫోల్డరును వేఱొకచోటికి మార్చుకొన్నవారికి పాతచోట మిగిలిన ఫైళ్లను అది తుడిచివేసెను. మైక్రోసాఫ్టువారు విడుదలను నిలిపి, సవరించి, నవంబరు 13న మరల నిచ్చిరి. ఫైళ్లు పోయినవన్న ఫిర్యాదులు పదివేలకొకటి చొప్పుననే వచ్చెనని వారి లెక్క. పోగొట్టుకొన్న యిల్లాలికి ఆ లెక్కతో నేమి పని? విడుదలకు పూర్వమే పరీక్షకులు కొందఱు ఈ సంగతి తెలిపియుండిరి కూడ. అది వారి దృష్టికి రాలేదు.

ఖాళీ వర్చువల్ మెషీనులో నెన్నిమాఱులు పరీక్షించినను ఈ దోషము బయటపడెడిది కాదు. కాపురము లేని యింట దొంగకేమి దొరకును? కావున మనమిప్పుడు వాడుచున్న సిస్టమునే ముందుగా లోపల నెక్కించి, మన ఫోటోల నకళ్లను, పద్దుల నకళ్లను ఇంటి కంప్యూటరులో నున్నట్లే యమర్చి, లెక్కపెట్టుకొని, పిమ్మట బీటాను ఎక్కించవలెను. తెలుగు టైపు పనిచేయుచున్నదో లేదో కూడ చూడవలెను. బయటి ఫోల్డరును షేర్డు ఫోల్డరుగా లోపలికి తెరచియుంచరాదు; తప్పనిసరియైన చదువుటకు మాత్రమే యనుమతి నియ్యవలెను. లేకున్న లోపల తుడిచినది బయటను పోవును. స్నాప్‌షాటున్నది గదా యని నకలు దాచుట మానరాదు. రెండును ఒకే డిస్కుమీద నుండును.

దోషము కనబడినచో ఫీడ్‌బ్యాక్ హబ్‌లో తెలుపవచ్చును. "పాడైనది" యని వ్రాసిన నెవరికిని బోధపడదు. ఏ ఫోల్డరులో నెన్ని ఫైళ్లుండెనో, ఏమి చేసిన పిదప నెన్ని మిగిలెనో వరుసగా వ్రాయవలెను.