బైలదిల్లా మీద మబ్బు, తాలిపేరులో నీళ్ళు

జులై వచ్చిందంటే చింతూరు నుంచి మా చెల్లెలు ఫోన్ చేసి క్షేమసమాచారాలు తర్వాత అడుగుతుంది. ముందు "అక్కా, మీ వైపు ముసురు పట్టిందా?" అంటుంది. వాళ్ళది శబరి ఒడ్డు. నేనుండే జగదల్‌పూర్ ఇంద్రావతి ఒడ్డు. రెండూ గోదావరిలో కలిసేవే. ఇంద్రావతి భద్రాచలానికి ఎగువన కలుస్తుంది, శబరి దిగువన కూనవరం దగ్గర. గోదావరి నిండుగా పారుతుంటే శబరికి దారి దొరకదు. నీళ్ళు వెనక్కి ఎగదన్ని కుంట, చింతూరు రోడ్లెక్కుతాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు పోయినప్పుడు జరిగింది అదే. 1986 ఆగస్టులోనైతే 75.6 అడుగులు. మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులకే జారీ చేస్తారంటే, ఆ రెండు వరదలూ ఎంతటివో ఊహించుకోవచ్చు.

చెల్లెలి ప్రశ్నకు నేను మేడెక్కి చూసి చెప్పగలిగేది జగదల్‌పూర్ ఆకాశం గురించే. అసలు సంగతి బైలదిల్లా కొండల మీద ఉంటుంది. బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం ఒడిశా మీదుగా పడమరకు నడిచేటప్పుడు దానికి నైరుతి దిక్కున వాన ఎక్కువ. చాలాసార్లు ఆ నైరుతి దిక్కున ఉండేది మా బస్తరే. తేమగాలి కొండకు తగిలి పైకి లేస్తుంది, చల్లబడి కురుస్తుంది. ఆ వైపు అడవుల్లో పడ్డ నీళ్ళు తాలిపేరులో దిగి చర్ల దగ్గరి ప్రాజెక్టుకు వస్తాయి, అక్కడి నుంచి గోదావరికి. 'ఛత్తీస్‌గఢ్‌లో వానలు, తాలిపేరు గేట్లు ఎత్తివేత' అన్న వార్త భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వాళ్ళకు ఎన్నేళ్ళుగానో అలవాటు. ఆ వాన కురిసిన కొండను మాత్రం చర్లలో ఎవరూ చూడలేరు.

ఉపగ్రహం లేదా, రాడార్ లేదా అని అడగవచ్చు. ఉన్నాయి. నేను బడిలో భూగోళం చెప్పినదాన్ని, వాటిని రోజూ చూస్తాను. ఇన్శాట్-3డీఆర్‌కు తోడు 2024 ఫిబ్రవరిలో ఇన్శాట్-3డీఎస్ కూడా పైకి వెళ్ళింది. ఆ బొమ్మలు ఫోన్‌లోనే చూడవచ్చు. కానీ ఉపగ్రహం చూసేది మబ్బు నెత్తిని. పరారుణ చిత్రంలో మబ్బు పైభాగం ఎంత చల్లగా ఉంటే అంత తెల్లగా కనిపిస్తుంది. ఆకాశంలోకి ఎత్తుగా పెరిగిన ఉరుము మబ్బు తెల్లగా మెరుస్తుంది. కొండకు అతుక్కుని రోజంతా సన్నగా కురిసే మబ్బు కిందనే ఉంటుంది. దాని చలి నేల చలికి దగ్గరగా ఉండటంతో బొమ్మలో మసకగా కలిసిపోతుంది.

రాడార్‌ది ఇంకో ఇబ్బంది. విశాఖపట్నం డాప్లర్ రాడార్ నుంచి జగదల్‌పూర్ నేరుగా కొలిస్తే సుమారు 200 కిలోమీటర్లు, బైలదిల్లా కింద ఉన్న కిరందుల్ ఇంకా దూరం. రాడార్ కిరణం కొంచెం పైకి వాల్చినట్టుగా బయలుదేరుతుంది. కింద భూమి గుండ్రంగా వంగిపోతుంటుంది. లెక్కవేస్తే, మా ఊరి దగ్గరికి వచ్చేసరికి కిరణం దాదాపు నాలుగు కిలోమీటర్ల ఎత్తున పోతుంది. బైలదిల్లా శిఖరాలు పన్నెండు వందల మీటర్ల చిల్లర. అంటే కొండ నెత్తిన కూర్చున్న మబ్బుకు చాలా పైనుంచి రాడార్ చూపు దాటిపోతుంది. జగదల్‌పూర్ వాతావరణ కేంద్రం నుంచి పరికరాలు కట్టి బెలూన్ ఎగరేస్తారు, పై గాలిలో తేమ ఎంతో అది చెబుతుంది. అమూల్యమైన కొలతే, కానీ ఒక్క చోటిది.

పైనుంచి చూసే కళ్ళు ఎన్ని ఉన్నా, పక్కనుంచి చూసే కన్ను ఒకటి కావాలి. ఆ కన్నే వెబ్‌కెమెరా.

ఇది కొత్త విద్య కాదు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో కాఫీ ఉందో లేదో చూసుకోవడానికి 1991లో పెట్టుకున్న కెమెరాతో మొదలైంది, 1993లో ఇంటర్నెట్‌కెక్కింది. తర్వాత దాన్ని కొండలవాళ్ళు అందుకున్నారు. స్విట్జర్లాండ్‌లో మాటర్‌హార్న్ శిఖరం వైపు తిప్పిన కెమెరా చూసి ఆ రోజు రోప్‌వే ఎక్కాలో వద్దో తేల్చుకుంటారు. 2011లో ఇటలీ శాస్త్రవేత్తలు నేపాల్‌లోని కాలాపత్థర్ మీద, 5,675 మీటర్ల ఎత్తున, సౌరవిద్యుత్తుతో నడిచే కెమెరా పెట్టి ఎవరెస్ట్ మబ్బుల్ని ప్రపంచానికి చూపించారు.

నా మనసుకు బాగా పట్టింది మాత్రం అలాస్కా పద్ధతి. అక్కడ కొండల నడుమ చిన్న విమానాలే బస్సులు. కనుమలో మబ్బు దిగితే ప్రాణాలు పోతాయి. అందుకని అమెరికా విమానయాన శాఖ రెండు వందలకు పైగా చోట్ల కెమెరాలు పెట్టింది. వీడియో లేదు, పది నిమిషాలకొక ఫొటో, అంతే. ఆ ఫొటో పక్కనే అదే చోట ఆకాశం తేటగా ఉన్న రోజు తీసిన ఫొటో ఉంచుతారు. తేట ఫొటోలో దూరం కొండ కనిపించి ఇప్పటి ఫొటోలో లేకపోతే, మబ్బు ఎంత దగ్గరికి దిగిందో ఎవరైనా చెప్పేయవచ్చు. చదువుతో పనిలేని సాధనం. బస్తర్‌కు అచ్చంగా ఇలాంటిది కావాలి.

ఖర్చు చూస్తే భయపడాల్సిందేమీ లేదు. ఒక్కో ఫొటో 300 కేబీ అనుకుంటే, పగలు పన్నెండు గంటలకు 72 ఫొటోలు, రోజుకు 22 ఎంబీ కూడా దాటదు. ఫోన్‌లో ఒక పాటల వీడియో చూసినంత. సౌరఫలకం, బ్యాటరీ, సెల్ సిగ్నల్ అందే చోటు ఉంటే చాలు. కష్టం వేరే ఉంది. మా దగ్గర పిడుగులు జాస్తి, గట్టి ఎర్తింగ్ లేకపోతే మొదటి గాలివానకే కెమెరా పోతుంది. ముసురు రోజుల్లో ఫలకానికి ఎండ తగలదు, కాబట్టి నాలుగైదు రోజులకు సరిపడే బ్యాటరీ ఉండాలి. అద్దానికి నాచు పడుతుంది, సాలీడు గూడు కడుతుంది. వారానికోసారి తుడిచే మనిషికి జీతం ఇవ్వాలి. కెమెరా కొన్నవాళ్ళు సాధారణంగా మరిచిపోయేది ఈ మనిషినే.

రాత్రి కెమెరా గుడ్డిది, అది నిజం. రాత్రికి నదిలో నీటికొలమానమే దిక్కు. కేంద్ర జలసంఘం 2023లో తెచ్చిన ఫ్లడ్‌వాచ్ యాప్‌లో నదీమట్టాలు ఇప్పటికే చూడవచ్చు. అయితే కొలమానం చెప్పేది నదిలోకి దిగిన నీళ్ళ లెక్క. కొండ మీద కెమెరా చెప్పేది ఇంకా దిగాల్సిన నీళ్ళ కబురు. 2025 ఆగస్టు చివర దంతెవాడ, బస్తర్ జిల్లాల్లో వంతెనలు కొట్టుకుపోయినప్పుడు, వాగులు దాటే వాళ్ళకు ఎగువ కొండ ఎలా ఉందో ఒక్క ఫొటో అంది ఉంటే ఎంతమంది ఆగేవాళ్ళో అనిపిస్తుంది నాకు.

ఎక్కడ పెట్టాలో కూడా చెబుతాను. ఇంద్రావతి కోసం చిత్రకోట్ జలపాతం ఎదుట ఒకటి. పర్యాటకులు అందం చూస్తారు, దిగువవాళ్ళు నీటి రంగు, వెడల్పు చూస్తారు. కాంగేర్ లోయలో తీర్థ్‌గఢ్ దగ్గర ఒకటి, ఆ నీళ్ళు శబరికి పోతాయి కాబట్టి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. బచేలీ పైన కొండ మీద గని కాలనీ ఆకాశ్‌నగర్ ఉంది. విశ్వకర్మ పూజనాడు మామూలు జనాన్ని పైకి రానిస్తారు, ఆ రోజు కాళ్ళ కింద మబ్బులు చూడటానికి బస్తర్ అంతా కదులుతుంది. కరెంటు, సిగ్నల్, రోడ్డు, పనివాళ్ళు అన్నీ ఉన్న చోటది. అక్కడ దక్షిణానికి తిప్పి ఒక కెమెరా బిగించాలి. తేటరోజు ఫొటో నవంబరులో, వానలకు గాలి కడిగినట్టున్నప్పుడు తీసి పెట్టుకోవాలి. పక్కనే తాలిపేరు నీటిమట్టం తెలుగులో, గోండీలో, హల్బీలో, హిందీలో రాయాలి.